చట్టం లేని నిషేధం: హాలీవుడ్ నల్లజాబితా ఎలా నడిచింది?

మీ ప్రశ్నను ముందుగా ఒకచోట చేర్చి చెప్పుకుంటాను. వాక్ స్వాతంత్ర్యాన్ని రాజ్యాంగంలోనే రాసుకున్న అమెరికాలో, కమ్యూనిస్టులన్న అనుమానంతో 1947 తరువాత వందల మంది సినిమావాళ్లకు పని లేకుండా చేసిన చట్టం ఏది, దాన్ని కోర్టులు ఎందుకు కొట్టివేయలేదు, ఆ కళాకారులు అవుననో కాదనో ఒక్క మాట చెప్పి ఎందుకు బయటపడలేదు, ఇదంతా సెనేటర్ మెకార్తీ చేసిన పనేనా, మన దగ్గర ఇటువంటిది జరిగిందా అని మీరు అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా అమెరికా సినిమా చరిత్రను పాఠంగా చెబుతున్నాను. ఏటా తరగతిలో ఎవరో ఒకరు ఇవే ప్రశ్నలు అడుగుతారు కనుక కాస్త వివరంగానే రాస్తాను.

మొదటి ప్రశ్నకు జవాబు: అటువంటి చట్టం ఏదీ లేదు. ఈ వ్యవహారమంతటికీ కీలకం ఇదే. ఫలానా రచయితకు పని ఇవ్వరాదని అమెరికా కాంగ్రెస్ ఎన్నడూ చట్టం చేయలేదు, ఏ ప్రభుత్వమూ అటువంటి ఉత్తర్వు ఇవ్వలేదు, ఏ న్యాయస్థానమూ తీర్పు చెప్పలేదు. ప్రభుత్వ పక్షాన ఒక విచారణ సంఘం ప్రశ్నలు మాత్రమే అడిగింది. ఉద్యోగాలు తీసేసినవారు స్టూడియో యజమానులు. చట్టం ఉంటే దాన్ని సవాలు చేయవచ్చు, కొట్టివేయించవచ్చు. ఒక ప్రైవేటు యజమాని తనకు ఇష్టం లేని మనిషికి పని ఇవ్వకపోతే ఏ రాజ్యాంగ సవరణను చూపించి అడ్డుకోగలరు? పనిని ప్రభుత్వం, పరిశ్రమ ఇలా పంచుకోవడం వల్లనే ఈ నిషేధం దాదాపు పదమూడేళ్ల పాటు కోర్టులకు చిక్కకుండా నడిచింది.

మెకార్తీ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. ఈ కాలమంతటికీ ఆయన పేరు స్థిరపడిపోయింది గాని, హాలీవుడ్ వ్యవహారంలో ఆయన పాత్ర దాదాపు శూన్యం. ఆయన సెనేటు సభ్యుడు. సినిమావాళ్లను విచారించినది ప్రతినిధుల సభకు చెందిన అమెరికా వ్యతిరేక కార్యకలాపాల సంఘం. దీన్ని 1938లో తాత్కాలికంగా ఏర్పాటు చేసి, 1945లో శాశ్వత సంఘంగా మార్చారు. మెకార్తీ దేశమంతటికీ తెలిసినది, ప్రభుత్వంలో కమ్యూనిస్టులు ఉన్నారంటూ 1950 ఫిబ్రవరిలో చేసిన ఒక ఉపన్యాసంతో. అప్పటికే హాలీవుడ్‌లో పది మంది ఉద్యోగాలు పోయి రెండేళ్లు దాటింది.

ఇక ఆరోపణలో నిజమెంత అన్న విషయం. దీన్ని దాచి మాట్లాడితే బాధితులకు కూడా న్యాయం జరగదు. మొదట జైలుకు వెళ్లిన పది మందీ ఏదో ఒక దశలో కమ్యూనిస్టు పార్టీలో ఉన్నవారే. 1930లలో ఆర్థిక మాంద్యం, హిట్లర్, స్పెయిన్ అంతర్యుద్ధం చూసిన తరంలో పార్టీలో చేరడం వింత విషయం కాదు. పార్టీ అప్పుడు చట్టబద్ధమైనది, ఎన్నికల్లో పోటీ చేసేది. అదే పార్టీ తన రచయితల మీద పెత్తనం చేసిందన్నది కూడా నిజం. సాహిత్యాన్ని రాజకీయ ఆయుధంగా మాత్రమే చూడకూడదని 1946లో వ్యాసం రాసిన ఆల్బర్ట్ మాల్ట్జ్ చేత, సహచరులే ఒత్తిడి చేసి, తన మాట తప్పని ఒప్పిస్తూ మరో వ్యాసం రాయించారు. ఆ మాల్ట్జే మరుసటి ఏడాది విచారణ సంఘం ముందు నిలబడి, ఆ తరువాత జైలుకు వెళ్లాడు. అయితే పార్టీ సభ్యత్వం వేరు, నేరం వేరు. గూఢచర్యమని గాని, విధ్వంసమని గాని ఆ పది మందిలో ఏ ఒక్కరి మీదా అభియోగం లేదు. సినిమాల్లోకి కమ్యూనిస్టు ప్రచారం ఎక్కిస్తున్నారన్న ఆరోపణకు విచారణలో చూపిన ఉదాహరణలు చాలావరకు యుద్ధకాలంలో సోవియట్ యూనియన్ అమెరికాకు మిత్రదేశంగా ఉన్నప్పుడు తీసిన చిత్రాలే. అటువంటి చిత్రాలను అప్పట్లో ప్రభుత్వమే ప్రోత్సహించింది. నాలుగేళ్లు గడిచేసరికి దేశభక్తి కాస్తా దేశద్రోహం అయింది.

స్టూడియో యజమానులకు మరో లెక్క కూడా ఉంది. 1933లో ఏర్పడిన రచయితల సంఘానికి మొదటి అధ్యక్షుడు జాన్ హోవర్డ్ లాసన్. ఆయన పార్టీ మనిషి. సంఘం రావడం యజమానులకు మొదటినుంచీ ఇష్టం లేదు. 1945లో సెట్లు వేసే కార్మికులు, రంగులు వేసేవారు నెలల తరబడి సమ్మె చేశారు. ఆ అక్టోబరు 5న వార్నర్ బ్రదర్స్ స్టూడియో గేటు ముందు లాఠీలు, నీటి గొట్టాలు, బాష్పవాయువులతో పెద్ద కొట్లాటే జరిగింది. జాక్ వార్నర్ రెండేళ్ల తరువాత వాషింగ్టన్‌లో సాక్షిగా కూర్చున్నప్పుడు ఆ గేటు ముందు జరిగినది ఆయన మనసులో లేదని నేను అనుకోను. కమ్యూనిజం భయం నిజమైనదే కావచ్చు, కానీ యూనియన్ల మీద కోపం కూడా దానిలో కలిసి ఉంది.

1947 అక్టోబరు 20న వాషింగ్టన్‌లో విచారణ మొదలైంది. విచారణ సంఘం అధ్యక్షుడు జె. పార్నెల్ థామస్. మొదటి వారమంతా సంఘానికి అనుకూల సాక్షులు: వార్నర్, లూయీ బి. మేయర్, వాల్ట్ డిస్నీ, గారీ కూపర్, రాబర్ట్ టేలర్, అప్పటికి నటుల సంఘం అధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్. రెండో వారం ప్రతికూల సాక్షుల వంతు వచ్చింది. పందొమ్మిది మందికి సమన్లు వెళ్లగా పదకొండు మందిని పిలిచారు. లాసన్ మొదటివాడు. వార్నర్‌ను తన ప్రకటన చదవనిచ్చిన సంఘం లాసన్‌ను చదవనివ్వలేదు. ఆయన గొంతు పెంచాడు, అధ్యక్షుడు సుత్తి కొడుతూనే ఉన్నాడు, చివరికి భద్రతా సిబ్బంది వచ్చి ఆయన్ను అక్కడినుంచి తీసుకుపోయారు. ఆ వెంటనే సంఘం ఉద్యోగి ఒకరు ఆయన పార్టీ సభ్యత్వ కార్డు వివరాలు చదివి వినిపించాడు. మిగతావారి విషయంలోనూ ఇదే తంతు. "మీరు ఇప్పుడు కమ్యూనిస్టు పార్టీ సభ్యులా, లేదా గతంలో ఎప్పుడైనా సభ్యులుగా ఉన్నారా?" అన్నది ప్రశ్న. రచయిత రింగ్ లార్డ్‌నర్ జూనియర్ జవాబు చరిత్రలో నిలిచిపోయింది: జవాబు చెప్పగలను, కానీ చెబితే మర్నాడు ఉదయం నన్ను నేను అసహ్యించుకుంటాను అని. పదకొండో సాక్షి, జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెహ్ట్, తాను సభ్యుడిని కాదని చెప్పి మర్నాడే దేశం విడిచి వెళ్లిపోయాడు. మిగిలిన పది మంది 'హాలీవుడ్ టెన్' అయ్యారు.

అప్పటికింకా పరిశ్రమ చేతులెత్తేయలేదు. హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్, జాన్ హస్టన్ వంటి నటులు, దర్శకులు ఆ పది మందికి మద్దతుగా విమానంలో వాషింగ్టన్ వెళ్లారు. నవంబరు 24న ప్రతినిధుల సభ, జవాబు చెప్పనందుకు ఆ పది మందిపై, 346–17 ఓట్లతో కాంగ్రెస్ ధిక్కార తీర్మానం ఆమోదించడంతో గాలి మారింది. ఆ సమయానికే న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో స్టూడియోల అధిపతులు, వారికి పెట్టుబడి పెట్టేవారి ప్రతినిధులు సమావేశమయ్యారు. రెండు రోజుల చర్చల తరువాత ఒక ప్రకటన బయటకు వచ్చింది: ఆ పది మందిని తొలగిస్తున్నాం, వారు నిర్దోషులుగా తేలేదాకా, లేదా తాము కమ్యూనిస్టులం కామని ప్రమాణం చేసేదాకా తిరిగి తీసుకోం, తెలిసి తెలిసి ఏ కమ్యూనిస్టుకూ పని ఇవ్వం. ఈ విధానం వల్ల అమాయకులు నష్టపోయే ప్రమాదం, భయం అలముకునే ప్రమాదం ఉన్నాయని అదే ప్రకటనలో ఒప్పుకున్నారు. ఏం చేస్తున్నారో తెలిసే చేశారు. మరుసటి ఏడాది బోగార్ట్ తాను కమ్యూనిస్టును కానని ఒక సినిమా పత్రికలో సంజాయిషీ వ్యాసం రాసుకోవలసి వచ్చింది.

చట్టం లేకపోతే మరి కాంట్రాక్టులు ఎలా రద్దు చేశారన్న అనుమానం మీకు రావచ్చు. కాంట్రాక్టుల్లో సత్ప్రవర్తన షరతు ఒకటి ఉండేది. సమాజంలో అప్రతిష్ఠ తెచ్చే పని చేస్తే ఉద్యోగం రద్దు చేయవచ్చన్నది దాని సారాంశం. తాగి గొడవ చేసేవారిని, వివాహేతర సంబంధాలతో పత్రికలకు ఎక్కేవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన షరతును రాజకీయ అభిప్రాయాలకు అన్వయించారు. ఆ పది మందిలో ఒకడైన రచయిత లెస్టర్ కోల్ ఎంజీఎం స్టూడియో మీద దావా వేసి జ్యూరీ ముందు గెలిచాడు. పైకోర్టు ఆ తీర్పును తిరగదోసింది.

ఇక మీ మూడో ప్రశ్న, అవుననో కాదనో చెప్పి ఎందుకు బయటపడలేదన్నది. నా విద్యార్థులు పట్టుబట్టి అడిగే ప్రశ్న ఇదే. సాక్షి ముందున్న దారులను ఒక్కొక్కటే చూద్దాం. కాదని అబద్ధం చెబితే, సభ్యత్వ రికార్డుల నకళ్లు ఎఫ్‌బీఐ చేతిలో ఉన్నాయి కనుక, అబద్ధ సాక్ష్యం కింద కేసు పడుతుంది. ధిక్కారం కంటే అది పెద్ద నేరం. అవునని నిజం చెబితే తరువాతి ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: మీతో పాటు ఇంకెవరు ఉన్నారు? తన గురించి చెప్పిన మనిషి ఇతరుల గురించి చెప్పకుండా, తనపై తాను సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదనే రాజ్యాంగ ఐదో సవరణ వెనుక దాక్కునే వీలు లేదని 1951లో రోజర్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఒక్క "అవును"తో ఆగడం చట్టప్రకారం సాధ్యం కాదు. ఇక మౌనం మిగిలింది. మౌనానికి రెండు ఆధారాలున్నాయి. నా అభిప్రాయాలు అడిగే హక్కే మీకు లేదనేది, వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడే మొదటి సవరణ. హాలీవుడ్ టెన్ దీన్నే నమ్ముకున్నారు. సుప్రీంకోర్టు తమ పక్షాన నిలుస్తుందని వారి ఆశ. కానీ 1949 వేసవిలో, వారాల తేడాతో, ఉదారవాద న్యాయమూర్తులు ఫ్రాంక్ మర్ఫీ, వైలీ రట్లెడ్జ్ ఇద్దరూ మరణించారు. 1950 ఏప్రిల్‌లో కోర్టు వారి అప్పీలును విచారణకే తీసుకోలేదు. ఎనిమిది మందికి ఏడాది, ఇద్దరికి ఆరు నెలల జైలుశిక్ష అమలైంది. నాపై నేను సాక్ష్యం చెప్పుకోను అనే ఐదో సవరణ రెండో ఆధారం. 1951 నుంచి వచ్చిన సాక్షులు దీన్ని వాడుకుని జైలును తప్పించుకున్నారు. ఉద్యోగాన్ని మాత్రం దక్కించుకోలేకపోయారు, ఎందుకంటే ఐదో సవరణ అన్న మరుక్షణం స్టూడియో తలుపు మూతపడేది. కాబట్టి జైలుకు వెళ్లకుండా, ఉద్యోగం పోకుండా బయటపడే దారి ఒక్కటే: పేర్లు చెప్పడం.

లార్డ్‌నర్, కోల్ ఇద్దరూ కనెక్టికట్‌లోని డాన్‌బరీ జైలుకు వెళ్లేసరికి, వారిని విచారించిన పార్నెల్ థామస్ కూడా అక్కడే ఖైదీగా ఉన్నాడు. తన కార్యాలయంలో పనిచేయనివారి పేర్లతో జీతాలు రాసి ఆ డబ్బు తీసుకున్నందుకు శిక్ష పడింది. జైల్లో ఆయనకు అప్పగించిన పని కోళ్లను చూసుకోవడం.

పేర్లు చెప్పించడం ఎలా ఉండేదో ఒక్కరి విషయంలో దగ్గరగా చూద్దాం. ఆయన లారీ పార్క్స్. 1946లో ఒక ప్రసిద్ధ గాయకుడి జీవితకథలో నటించి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన యువ నటుడు. రెండో విడత విచారణలు మొదలైన 1951 మార్చి 21న ఆయన్ను పిలిచారు. తాను పార్టీలో ఉన్నమాట నిజమని, 1941లో చేరి యుద్ధం ముగిసేలోపే బయటకు వచ్చానని ఆయన ఏమీ దాచకుండా చెప్పాడు. తన గురించి ఏమడిగినా చెబుతానని, ఇతరుల పేర్లు మాత్రం అడగవద్దని వేడుకున్నాడు. ధిక్కారం కింద జైలుకు పోవడమా, బురదలో పాక్కుంటూ పోయి చాడీలు చెప్పేవాడిగా మారడమా అన్న రెండే దారులు నా ముందు పెట్టకండి అని ఆయన అన్న మాటలు రికార్డులో ఉన్నాయి. తనకు పసిబిడ్డలున్నారని, వారికి తండ్రిగా ఏం మిగిల్చాలని అడిగాడు. సంఘం సభ్యులు మర్యాదగానే విన్నారు. ఆ తరువాత తలుపులు మూసి రహస్య విచారణ జరిపారు, ఆయన పేర్లు చెప్పాడు. అవి సంఘానికి అప్పటికే తెలిసిన పేర్లు. ఇంత చేసినా ఆయన కెరీర్ మిగలలేదు. కమ్యూనిస్టునని ఒప్పుకున్నాడు కనుక ఒక పక్షానికి, పేర్లు చెప్పాడు కనుక రెండో పక్షానికి దూరమయ్యాడు. కొలంబియా సంస్థ ఒప్పందం పోయింది. తరువాతి జీవితంలో ఆయన ప్రధానంగా ఇళ్లు కట్టించి అద్దెలకిచ్చుకుంటూ బతికాడు.

తెలిసిన పేర్లనే మళ్లీ ఎందుకు చెప్పించుకున్నారు? సమాచారం కోసం కాదని నా అభిప్రాయం. తన పాత స్నేహితుడి పేరు బహిరంగంగా పలికిన మనిషి మళ్లీ ఆ గుంపులోకి వెళ్లలేడు, ఆ గుంపు అతన్ని రానివ్వదు. విధేయతకు అంతకంటే గట్టి హామీ ఏముంటుంది? స్క్రీన్ రచయిత మార్టిన్ బర్క్‌లీ ఒక్కడే నూట యాభైకి పైగా పేర్లు ఇచ్చాడు. హాలీవుడ్ టెన్‌లో ఒకడైన దర్శకుడు ఎడ్వర్డ్ ద్మిత్రిక్ జైలునుంచి బయటకు వచ్చాక పేర్లు చెప్పి తిరిగి పనిలో చేరాడు. దర్శకుడు ఎలియా కజాన్ 1952 జనవరిలో నిరాకరించి, ఏప్రిల్‌లో తన పాత నాటకబృందంలోని ఎనిమిది మంది పేర్లు చెప్పాడు. రెండు రోజులకే న్యూయార్క్ టైమ్స్‌లో డబ్బు చెల్లించి ప్రకటన వేయించుకుని తాను చేసినది సరైనదేనని వాదించాడు. 1999లో ఆయనకు గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు సభలో చాలామంది లేచి నిలబడ్డారు, మరికొందరు చేతులు కట్టుకుని కూర్చున్నారు. నాటక రచయిత్రి లిలియన్ హెల్మన్ 1952 మేలో సంఘానికి రాసిన ఉత్తరంలో, ఈ ఏటి ఫ్యాషన్‌కు సరిపోయేలా నా అంతరాత్మను కత్తిరించుకోలేను అని చెప్పింది. ఆ ఒక్క వాక్యం కోసమైనా ఆ ఉత్తరం చదవదగినది.

సినిమా కంటే టెలివిజన్, రేడియోల్లో ఈ వ్యవహారం ఇంకా నీచంగా సాగింది, ఎందుకంటే అక్కడ సంఘం సమన్లు కూడా అవసరం లేకపోయాయి. 1950 జూన్‌లో ముగ్గురు మాజీ ఎఫ్‌బీఐ ఉద్యోగుల సంస్థ 'రెడ్ ఛానెల్స్' అనే చిన్న పుస్తకం అచ్చువేసింది. అందులో 151 మంది పేర్లు ఉన్నాయి. ప్రతి పేరు కింద ఆ మనిషి ఏ వినతిపత్రం మీద సంతకం చేశాడో, ఏ సభకు వెళ్లాడో రాశారు. నేరమన్న మాట ఎక్కడా లేదు. ప్రకటనల ఏజెన్సీలు ఆ పుస్తకాన్ని సొరుగులో పెట్టుకుని, పేరు ఉన్నవారిని పిలవడం మానేశాయి. కారణం ఎవరూ చెప్పేవారు కాదు. వేషానికి సరిపోలేదనో, ఇంకొకరిని తీసుకున్నామనో అనేవారు. చాలామందికి తమ పేరు జాబితాలో ఉందని తెలియడానికే నెలలు పట్టింది.

న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ ఊళ్లో లారెన్స్ జాన్సన్ అనే సూపర్ మార్కెట్ల యజమాని ఉండేవాడు. ఆయనకున్నవి నాలుగు దుకాణాలు. ఒక టూత్‌పేస్టు కంపెనీ స్పాన్సర్ చేసే నాటక కార్యక్రమంలో తనకు అనుమానమున్న నటులు కనిపించారని ఆయన ఆ కంపెనీకి ఉత్తరం రాశాడు. నా దుకాణంలో మీ టూత్‌పేస్టును, పోటీ కంపెనీ టూత్‌పేస్టును పక్కపక్కన పెడతాను, మీరు చెల్లించే డబ్బులో కొంత కమ్యూనిస్టు సానుభూతిపరులకు వెళ్లడం మీకు సమ్మతమేనా అని కొనుగోలుదారులను అడుగుతూ ఒక ప్రశ్నపత్రం ఉంచుతాను అన్నది దాని సారాంశం. ఆ ఒక్క ఉత్తరం చాలు. అమ్మకాలు తగ్గుతాయన్న భయంతో కంపెనీ ఏజెన్సీకి చెబుతుంది, ఏజెన్సీ ప్రసార సంస్థకు చెబుతుంది, ఆ వారం వేషం వేయవలసిన నటుడికి ఫోన్ రాదు. ఈ గొలుసులో ఏ ఒక్కరూ తాము ఎవరినైనా శిక్షిస్తున్నామని అనుకోలేదు. ప్రతి ఒక్కరూ వ్యాపారమే చేశారు. జాబితాలు తయారుచేసిన విన్సెంట్ హార్ట్‌నెట్ వంటివారు పేరుకింత అని ఫీజు తీసుకుని నటులను పరిశీలించి పెట్టేవారు కూడా. నిందవేసే మనిషే ఆ నిందనుంచి విముక్తి ఎలా పొందాలో సలహా ఇవ్వడం ఆ రోజుల్లో ఒక వృత్తి అయింది.

దీన్ని ఎదిరించి గెలిచిన మనిషి రేడియో వ్యాఖ్యాత జాన్ హెన్రీ ఫాక్. హార్ట్‌నెట్‌కు సంబంధమున్న 'అవేర్' అనే సంస్థ తన గురించి అబద్ధాలు ప్రచురించిందని 1956లో దావా వేశాడు. లాయరు ఖర్చులకు ప్రఖ్యాత పాత్రికేయుడు ఎడ్వర్డ్ ఆర్. మర్రో 7,500 డాలర్లు ఇచ్చాడు. దావా నడుస్తుండగానే ఫాక్ ఉద్యోగం పోయింది. ఆరేళ్లకు, 1962లో, జ్యూరీ 35 లక్షల డాలర్ల నష్టపరిహారం ప్రకటించింది. అప్పీలులో అది చాలా తగ్గింది. అయినా కొన్నేళ్ల పాటు ఎవరూ తాకలేకపోయిన వ్యవస్థను ఒక పరువునష్టం దావా బోనులో నిలబెట్టింది.

అందరూ అంతదాకా నిలవలేదు. టెలివిజన్‌లో ఇంటి పెద్దగా నటించి దేశానికంతా ప్రియమైన ఫిలిప్ లోబ్ ఆ కార్యక్రమంనుంచి తొలగింపునకు గురై, 1955లో న్యూయార్క్‌లోని ఒక హోటల్ గదిలో ఆత్మహత్య చేసుకున్నాడు. స్నేహితుల పేర్లు చెప్పడానికి ఒప్పుకోని నటుడు జాన్ గార్‌ఫీల్డ్ 1952 మేలో గుండెపోటుతో మరణించాడు. ఆయన వయసు 39. గాయకుడు, నటుడు పాల్ రాబ్సన్ పాస్‌పోర్టును 1950లో రద్దు చేయడంతో ఎనిమిదేళ్లు బయటి దేశాల్లో పాడలేకపోయాడు, సొంత దేశంలో వేదికలు ఇచ్చేవారు లేరు. బ్రిటిష్ పౌరుడైన చార్లీ చాప్లిన్ 1952 సెప్టెంబరులో ఓడ ఎక్కి సముద్రంలో ఉండగా, అమెరికాకు తిరిగివచ్చే అనుమతిని రద్దు చేశారు. ఇరవై ఏళ్ల తరువాత, 1972లో, ఆస్కార్ అందుకోవడానికి మాత్రమే మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టాడు.

జాబితాలోని కొందరు కలిసి సొంతంగా సినిమా తీసుకుందామని కూడా ప్రయత్నించారు. హాలీవుడ్ టెన్‌లో ఒకడైన హెర్బర్ట్ బీబర్‌మన్ న్యూ మెక్సికోలో గని కార్మికుల సమ్మె కథను 1953లో చిత్రీకరించాడు. సినిమా తీసినవారెవరికైనా అర్థమయ్యే కష్టాలివి: మధ్యలో మెక్సికన్ కథానాయికను అరెస్టు చేసి దేశంనుంచి పంపించేశారు, ల్యాబ్‌లు నెగటివ్ కడగడానికి ఒప్పుకోలేదు, సినిమా పూర్తయ్యాక ప్రొజెక్టర్ ఆపరేటర్లు ఆడించడానికి నిరాకరించారు. ల్యాబ్, సౌండ్, ప్రింట్లు ఇలా ఏ దశల్లో అడ్డుకుంటే సినిమా ఆగిపోతుందో వివరిస్తూ ఆర్కేఓ స్టూడియో యజమాని హోవర్డ్ హ్యూస్ ఒక కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరమే రాశాడు.

రచయితలకు మాత్రం నటులకు లేని ఒక సందు ఉంది. ముఖం కనిపించదు కనుక బినామీ పేరుతో రాయవచ్చు. హాలీవుడ్ టెన్‌లో ఒకడైన డాల్టన్ ట్రంబో 1947కు ముందు ఒక్కో స్క్రిప్టుకు 75,000 డాలర్లు తీసుకునేవాడు. జైలు తరువాత మెక్సికోలోనూ, లాస్ ఏంజెలెస్‌లోనూ కొద్దిపాటి డబ్బుకు దొంగచాటుగా రాస్తూ ఇల్లు గడిపాడు. 'రోమన్ హాలిడే' కథ ఆయనదే. దానికి వచ్చిన ఆస్కార్ మాత్రం పేరు అరువిచ్చిన స్నేహితుడు ఇయాన్ మెక్‌లెల్లన్ హంటర్‌కు వెళ్లింది. కొంతకాలానికి ఆ హంటర్ పేరు కూడా జాబితాకెక్కింది. 1957 ఆస్కార్ సభలో 'ది బ్రేవ్ వన్' కథకు రాబర్ట్ రిచ్ అనే రచయిత పేరు ప్రకటిస్తే ఆ రచయిత రాలేదు, అతని తరఫున మరొకరు అందుకున్నారు. అటువంటి రచయితే లేడు, రాసినది ట్రంబో. మరుసటి ఏడాది 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' స్క్రీన్‌ప్లేకు అవార్డు ఫ్రెంచి నవలాకారుడు పియర్ బూల్ పేరున వచ్చింది. ఇంగ్లిషు స్క్రిప్టులో ఆయన చేయి లేదు, రాసినవారు జాబితాలో ఉన్న కార్ల్ ఫోర్‌మన్, మైకేల్ విల్సన్. పరిశ్రమ తాను వెలివేసిన మనుషుల పనినే తక్కువ ధరకు కొనుక్కుని, దానికే బహుమతులు ఇచ్చుకుంది. ఈ వ్యవహారంలో నన్ను ఎక్కువ బాధించేది ఇదే. ఆ రాతల్లో దేశానికి ప్రమాదమేదీ లేదని ఆ స్టూడియోలకు అప్పుడే తెలుసునని దీనివల్ల రుజువవుతోంది.

నిషేధం ఫలానా రోజున ముగిసిందని చెప్పలేం. ఉత్తర్వు లేని నిషేధానికి రద్దు ఉత్తర్వు కూడా ఉండదు. 1960 జనవరిలో దర్శకుడు ఆటో ప్రెమింగర్ తన 'ఎక్సోడస్' చిత్రాన్ని ట్రంబో రాస్తున్నాడని బహిరంగంగా చెప్పాడు, ఆ అక్టోబరులో 'స్పార్టకస్' టైటిల్స్‌లో ఆయన పేరు తెర మీద పడింది. ఆకాశమేమీ ఊడిపడలేదు. అప్పటికీ చిన్న చిన్న నటులు ఇంకా ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 'రోమన్ హాలిడే' ఆస్కార్‌ను 1993లో ట్రంబో భార్యకు అందజేశారు, ఆయన మరణించి అప్పటికి పదిహేడేళ్లు. రచయితల సంఘం ఆ చిత్రం స్క్రీన్‌ప్లేలో ఆయన వాటాను 2011లో గాని గుర్తించలేదు.

చివరగా మన దగ్గరి సంగతి. కమ్యూనిస్టు భయంతో కళాకారుల మీద నిర్బంధం మన దగ్గరా ఉంది, కాకపోతే దాని తీరు వేరు. 1943లో ఏర్పడిన ఆంధ్ర ప్రజానాట్యమండలి బుర్రకథలతో, నాటకాలతో ఊరూరా తిరిగింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు తెలంగాణ రైతుల పోరాటం మీద రాసిన 'మా భూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కళాకారులు అజ్ఞాతానికి, జైళ్లకు వెళ్లారు. మన దగ్గర పోలీసులు ఉన్నారు, నిషేధపు ఉత్తర్వులు ఉన్నాయి, నాటకాలను అదుపుచేసే 1876 నాటి బ్రిటిష్ చట్టం స్వాతంత్ర్యం తరువాత కూడా అమలులో కొనసాగింది. మద్రాసు సినిమా పరిశ్రమ మాత్రం ఆ మనుషులను వెలివేయలేదు. మండలి నాయకుడు గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీశాడు, జమునను తెరకు పరిచయం చేశాడు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య, తాతినేని ప్రకాశరావు ఆ మండలి నేపథ్యం నుంచే సినిమాల్లోకి వచ్చి దశాబ్దాల పాటు పనిచేశారు. బొంబాయిలో బల్‌రాజ్ సాహ్నీ కమ్యూనిస్టుగా జైల్లో ఉండగానే 'హల్‌చల్' సినిమాలో వేషం ఉంది. నిర్మాత కె. ఆసిఫ్ అధికారుల దగ్గర అనుమతి తెచ్చుకున్నాడు. సాహ్నీని పగలు పోలీసు కాపలాతో స్టూడియోకు తీసుకువచ్చేవారు, షూటింగ్ అయ్యాక తిరిగి ఆర్థర్ రోడ్ జైలుకు పంపేవారు. ఆ సినిమాలో ఆయన వేసినది జైలరు వేషం.